పాత నవలలో తెలియని మాటలు, తెలుసనుకున్న మాటలు

పాత నవల ఒకటి తెరిచి, పక్కన పెన్సిలు పెట్టుకుని కూర్చుంటే మొదటి పేజీ హుషారుగానే గడుస్తుంది. రెండో పేజీకి గీతలు పది దాటతాయి. మూడో పేజీలో వాక్యం మధ్యలో ఆగి, నిఘంటువు తిరగేసి, అర్థం చూసుకుని వెనక్కి వచ్చేసరికి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో మర్చిపోతాం. చాలామంది పుస్తకం మూసేసేది అక్కడే. మాటలు రావాలంటే క్లాసిక్స్ చదవాలని చెప్పినవాళ్ల మీద నమ్మకం కూడా ఆ పేజీతోనే పోతుంది.

ఆ సలహాలో తప్పు లేదు. చదవడానికీ మాట రావడానికీ మధ్య ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. ఈ వ్యాసంలో ఎక్కువగా పాత తెలుగు నవలల భాషనే ఉదాహరణగా తీసుకుంటున్నాను. పరిశోధనలు ఎక్కువగా ఇంగ్లిష్ మీద జరిగాయి కాబట్టి లెక్కలు అక్కడివి వస్తాయి. ఇన్నేళ్లు పాత పుస్తకాలు చదివాక నాకు అర్థమైంది ఒకటుంది. తెలియని మాట మనల్ని ఆపుతుంది, కాబట్టి దాన్ని ఎలాగో పట్టుకుంటాం. తెలుసనుకుని ఆగకుండా దాటిపోయే మాట దగ్గరే అసలు చిక్కంతా. అక్కడికి చేరేముందు కొన్ని మెట్లు ఎక్కాలి.

మాట వచ్చిందంటే ఎంత వచ్చినట్టు?

పదసంపద మీద దశాబ్దాల పాటు పనిచేసిన భాషావేత్త పాల్ నేషన్ మాట తెలియడాన్ని మూడు భాగాలుగా చూస్తాడు: రూపం, అర్థం, వాడుక. "కినుక" అనే మాటను తీసుకుందాం. చూడగానే గుర్తుపట్టడం, వింటే ఇదేనని తెలియడం రూపం. నిఘంటువు చెప్పే "కోపం" అర్థం. కానీ ఇవాళ కినుక అన్నప్పుడు మన చెవికి తగిలేది అలకకు దగ్గరగా ఉండే కోపం, అయినవాళ్ల మధ్య పుట్టే కోపం. పైగా "కినుక వహించాడు" అంటాం గానీ "కినుక చేశాడు" అనం. ఇది వాడుక. నిఘంటువులో ఒక్క మాటతో సరిపెట్టుకున్నవాళ్లకు మూడింట్లో రెండే దక్కుతాయి. మూడోది వాక్యాల్లో తప్ప దొరకదు. నవల గొప్పగా ఇవ్వగలిగేది ఈ మూడోదే.

చూస్తే అర్థమయ్యే మాటలు వేరు, నోటికి వచ్చే మాటలు వేరు అన్నది కూడా ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. ఎవరికైనా మొదటి రాశి రెండోదానికంటే చాలా పెద్దది. చదవడం వల్ల ముందుగా పెరిగేది మొదటిదే.

పేజీకి ఎన్ని తెలియని మాటల్ని మోయగలం?

దీని మీద ఒక లెక్క బాగా ప్రచారంలో ఉంది. 2000లో హూ, నేషన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక కథాభాగంలో కొన్ని మాటలు తీసేసి, వాటి స్థానంలో అర్థం లేని మాటలు పెట్టి చదివించారు. ఎవరి సాయం లేకుండా హాయిగా అర్థం కావాలంటే నూటికి సుమారు 98 మాటలు తెలిసి ఉండాలని తేల్చారు. వినడానికి 98కీ 95కీ పెద్ద తేడా లేనట్టుంటుంది. 250 మాటల పేజీ మీద పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 98 శాతం తెలిస్తే పేజీకి తెలియనివి 5. 95 శాతం దగ్గర 12 దాటతాయి. 90 శాతానికి దిగితే 25, అంటే ఇంచుమించు ప్రతి వరుసలో ఒకటి. మూడో పేజీలో పుస్తకం మూసేసిన మనిషి ఈ చివరి స్థితిలో ఉన్నాడు. అతనిలో ఓపిక లేక కాదు, మోత ఎక్కువై.

ఇంగ్లిష్ నవలలు ఆ 98 శాతం స్థాయిలో చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు తెలియాలని నేషన్ 2006లో లెక్కగట్టాడు. పదకుటుంబం అంటే ఒక మూలపదం, దాని నుంచి పుట్టిన రూపాలు అన్నీ కలిపి ఒకటి. ఈ అంకెను తెలుగుకు ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. "చదవలేకపోయినవాళ్లందరికీ" అనేది మనకు ఒకే మాట, ఇంగ్లిష్‌లో ఆరేడు మాటలు. తెలుగులో మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నదే పెద్ద ప్రశ్న. పాత నవలల్లో ఆ ప్రశ్న ఇంకా జటిలమవుతుంది.

వేషం మార్చుకుని వచ్చే తెలిసిన మాటలు

పాత పుస్తకాల శైలిలో నేను రాసిన ఈ వాక్యం చూడండి: "అతఁడు మిక్కిలి యలసి వచ్చి యరుగుపైఁ గూర్చుండెను."

కొత్తగా చదివేవాళ్ల పెన్సిలు ఇందులో నాలుగు చోట్ల ఆగుతుంది: అతఁడు, యలసి, యరుగు, గూర్చుండెను. నిఘంటువులో "యలసి" కోసం వెతికితే దొరకదు, "యరుగు" దొరకదు, "గూర్చుండు" దొరకదు. నిజానికి ఇందులో తెలియని మాట ఒక్కటీ లేదు. "మిక్కిలి" తర్వాత "అలసి" వచ్చినప్పుడు రెండు అచ్చుల మధ్య ఒక "య" చేరింది. "అరుగు" ముందూ అదే జరిగింది. "పైన్" అనే రూపంలోని చివరి నకారం ప్రభావంతో "కూర్చుండెను"లోని క కాస్తా గ అయింది, నకారం తాను అరసున్నగా మిగిలింది. వాక్యం మొత్తం "అతను బాగా అలిసిపోయి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు" అంతే.

చిన్నయసూరి వ్యాకరణం చెప్పే ఒక సూత్రం ఇక్కడ బ్రహ్మాండంగా పనికొస్తుంది. అచ్చ తెలుగు మాటలు "య"తో మొదలుకావు. కాబట్టి పాత వాక్యం మధ్యలో "య"తో మొదలైన తెలుగు మాట కనిపిస్తే, ఆ "య"ను తీసేసి చూస్తే అసలు మాట బయటపడుతుంది. అలాగే వాక్యం మధ్యలో గ, స, డ, ద, వలతో గానీ గ, జ, డ, ద, బలతో గానీ మొదలైన వింత మాటకు మూలం చాలాసార్లు క, చ, ట, త, పల కింద ఉంటుంది. బడిలో గసడదవాదేశం, సరళాదేశం అని బట్టీపట్టింది ఇదే. పరీక్ష కోసం చదివినప్పుడు విసుగు పుట్టించిన ఆ సంధులు పాత నవల దగ్గర తాళంచెవులు.

అరసున్న, బండి ఱ కూడా అలంకారం కోసం పెట్టినవి కావు. "ఏడు" అంటే అంకె, "ఏఁడు" అంటే సంవత్సరం. "కరి" అంటే ఏనుగు, "కఱి" అంటే నలుపు. ఇప్పటి ముద్రణల్లో ఈ గుర్తులు తీసేస్తే చదవడం తేలికవుతుంది, ఆ తేడా మాత్రం సందర్భానికి వదిలేసినట్టవుతుంది. కొత్త ముద్రణ మేలా, పాతది మేలా అన్న వాదనలో రెండు వైపులా న్యాయం ఉంది. మొదటిసారి చదివేవాళ్లకు సరళమైన ముద్రణే నయమని నా అభిప్రాయం.

ఈ వేషాలన్నీ పోగా మిగిలినవే నిజంగా తెలియని మాటలు. పేజీకి 25 అనుకున్నవాళ్లకు అవి సగానికి సగం తగ్గినా ఆశ్చర్యం లేదు.

సందర్భం ఎప్పుడు చెబుతుంది, ఎప్పుడు తప్పుదారి పట్టిస్తుంది

"ముందూ వెనకా చూస్తే అర్థం అదే తెలుస్తుంది" అని అందరూ అంటారు. కొన్నిసార్లు నిజమే. "పొద్దు వాటారింది. మేతకు పోయిన పశువులు ఇంటిముఖం పట్టాయి. గుడిసెల్లో ఒక్కొక్క దీపమే వెలుగుతోంది." ఇందులో "వాటారింది" అంటే వాలిందని ఎవరూ చెప్పనక్కర్లేదు.

"అతను ఉత్తరీయం సవరించుకుని లోపలికి వచ్చాడు." ఇక్కడ ఉత్తరీయం ఒంటిమీద వేసుకునేదని తెలుస్తుంది. పైపంచో, చొక్కానో, తలపాగానో తెలియదు. కథ మాత్రం ఆగదు. సగం అర్థంతో ముందుకు పోతాం.

మూడోది చూడండి. "రాత్రంతా నడిచి వచ్చిన మనిషి. అయినా ఏమాత్రం అళుకు లేకుండా పెద్దల ముందు నిలబడి మాట్లాడాడు." చదవగానే అళుకు అంటే అలసట అనిపిస్తుంది. రాత్రంతా నడిచాడు కదా, పైగా మాట కూడా "అలుపు"లా ఉంది. అసలు అర్థం భయం, జంకు. సందర్భం మొత్తం ఒక్కటై మనల్ని తప్పు అర్థానికి తోసింది. రాసినవాళ్లు మోసం చేయాలనుకోలేదు. వాళ్ల పాఠకులకు ఆ మాట తెలుసు, కాబట్టి అర్థం తెలిసేలా రాయాల్సిన అవసరమే వాళ్లకు లేదు. బెక్, మెకియోన్, మెకాస్లిన్ అనే పరిశోధకులు 1983లో ఇదే విషయం చూపించారు. సహజంగా రాసిన రచనల్లో కొన్ని సందర్భాలు అర్థం చెబుతాయి, కొన్ని ఏమీ చెప్పవు, కొన్ని ఏకంగా పక్కదారి పట్టిస్తాయి.

మరి మొత్తంమీద దక్కేదెంత? 1999లో స్వాన్‌బోర్న్, డి గ్లోపర్ అప్పటిదాకా జరిగిన 20 ప్రయోగాల ఫలితాలను కలిపి చూశారు. మామూలుగా చదువుకుంటూ పోయేవాళ్లకు తెలియని మాటల్లో నూటికి సుమారు 15 దక్కుతున్నాయని తేలింది. తక్కువే అనిపిస్తుంది. కానీ అది ప్రత్యేకించి ఏ ప్రయత్నమూ చేయకుండా, కథ కోసం చదువుతుంటే వచ్చిన లాభం.

చదువుతూ పోతే చాలా, కూర్చుని నేర్చుకోవాలా?

ఇక్కడ పండితులు రెండు వర్గాలు. భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్ వాదన ప్రకారం భాష వచ్చేది అర్థమయ్యే రచనలు విస్తారంగా, ఇష్టంగా చదవడం వల్ల. మాటల జాబితాలు కంఠతా పట్టినందువల్ల కాదు. దీనికి బలమిచ్చే ప్రయోగం ఒకటి 1978 నాటిది. ఆంటొనీ బర్జెస్ తన "ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్" నవలలో రష్యన్ మూలాల నుంచి తీసుకుని కల్పించిన యాస మాటలు 241 ఉన్నాయి. సరగి, నేషన్, మైస్టర్ ఆ నవలను ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ల చేత చదివించి, మాటల మీద పరీక్ష ఉంటుందని ముందు చెప్పకుండా, వాటిలో 90 మాటల మీద బహుళైచ్ఛిక పరీక్ష పెట్టారు. సగటున 76 శాతం సరిగ్గా గుర్తుపట్టారు.

రెండో వర్గం ఈ అంకెను అంత తేలిగ్గా ఒప్పుకోదు. ఆ యాస మాటలు నవలలో మళ్లీ మళ్లీ వస్తాయి, చుట్టూ ఉన్న మిగతా ఇంగ్లిషంతా ఆ పాఠకులకు వచ్చు. పరాయి భాష నేర్చుకుంటున్నవాళ్ల పరిస్థితి అది కాదు. 1998లో హోర్స్ట్, కాబ్, మియారా ఇంగ్లిష్ నేర్చుకుంటున్న విద్యార్థులకు థామస్ హార్డీ నవల "ది మేయర్ ఆఫ్ కాస్టర్‌బ్రిడ్జ్" సరళరూపాన్ని తరగతిలో పూర్తిగా చదివి వినిపిస్తే, తెలియని మాటల్లో అయిదింట ఒకటి చొప్పున దక్కింది. బాటియా లౌఫర్ లాంటివాళ్లు అందుకే రెండో భాష దగ్గర చదువు ఒక్కటే చాలదని, మాట మీద నేరుగా పని చేయాలని అంటారు.

నాకు చూడగా ఇద్దరూ వేరువేరు మాటల గురించి మాట్లాడుతున్నారు. ఏ పెద్ద పుస్తకమైనా తీసుకుని అందులోని వేరువేరు మాటల్ని లెక్కపెడితే, దాదాపు సగం మాటలు పుస్తకం మొత్తంలో ఒక్కసారే కనిపిస్తాయి. కొద్దిపాటి మాటలు వేలసార్లు తిరిగి వస్తాయి, అసంఖ్యాకమైన మాటలు ఒకటి రెండు సార్లు తొంగిచూసి పోతాయి. జిప్ఫ్ పేరుతో పిలిచే సూత్రం చెప్పేది ఈ తీరునే. తిరిగి వచ్చే మాటకు చదువు చాలు. అయిదో సారి, ఎనిమిదో సారి కనిపించేసరికి దాని వాడుకతో సహా వంటబడుతుంది. ఒక్కసారి కనిపించే మాటకు ఆ అవకాశం లేదు. రాసుకుని, మళ్లీ చూసుకుంటేనే నిలుస్తుంది. జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తాను చేసుకున్న ప్రయోగాలతో మరపు మొదట్లో వేగంగా సాగుతుందని, విరామాలిచ్చి మళ్లీ చూసుకుంటే తక్కువ శ్రమతో ఎక్కువ నిలుస్తుందని చూపించాడు.

ఆగకుండా దాటిపోయే మాటలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. "ఆ యవసరమున నొక ముసలివాఁడు తలుపు తట్టెను."

య తీసేస్తే "అవసరమున". అవసరం అందరికీ తెలిసిన మాటే. ముసలాయనకు ఏదో అవసరం పడింది, తలుపు తట్టాడు. వాక్యం చక్కగా కుదిరింది, చదువు సాగిపోయింది. కానీ పాత తెలుగులో అవసరం అంటే సమయం. "అయ్యవసరంబున" అని కావ్యాల వచనంలో అడుగడుగునా కనిపించేది అదే. ముసలాయన ఏ అవసరమూ లేకుండా, సరిగ్గా ఆ సమయంలో వచ్చాడు. తప్పు అర్థంతో కూడా వాక్యం నిలబడింది కాబట్టి మనకు అనుమానమే రాలేదు. పెన్సిలు ఆగలేదు, నిఘంటువు తెరుచుకోలేదు.

నాకు ఇది మొదట తెలిసొచ్చింది "ఉద్యోగం" దగ్గర. మహాభారతంలో అయిదోది ఉద్యోగపర్వం. చిన్నప్పటి నుంచి విన్న పేరే, ఎవరికి ఏ ఉద్యోగమని ఎన్నడూ అడగలేదు. అక్కడ ఉద్యోగం అంటే ప్రయత్నం, సన్నాహం. యుద్ధానికి ఇరువైపులా సిద్ధమైన పర్వం అది. ఆ తర్వాత పాత వచనంలో "యుద్ధోద్యోగము" కనిపించినప్పుడు తడుముకోలేదు.

రాముడు, లక్ష్మణుడు నారచీరలు కట్టుకుని అడవికి వెళ్లారని అందరం చెప్పుకుంటాం. మగవాళ్లు చీరలేమిటని అడగం, ఎందుకంటే ఆ మాట కథతో పాటు చెవిలో పడిపోయింది. చీర అంటే ఒకప్పుడు బట్ట, ఎవరు కట్టుకున్నా బట్టే. తర్వాత ఆడవాళ్లు కట్టుకునే ఒక రకానికి పరిమితమైంది. వ్యాకరణ పుస్తకాలు దీన్ని అర్థసంకోచం అంటాయి. దీనికి ఎదురు నడిచింది "నూనె". నువ్వుల నుంచి తీసిందానికే చెల్లిన పేరు, ఇప్పుడు దేని నుంచి తీసినా నూనే. "కంపు" ఒకప్పుడు సువాసనకూ చెల్లింది, ఇప్పుడు ముక్కు మూసుకునేదిగా మిగిలింది. "కైంకర్యం" దేవుడి సేవ. దాన్నే ఇవాళ సొమ్ము కాజేయడానికి వాడుతున్నాం. "సాహసం" ముందువెనుకలు చూడని దుడుకు పని, ఇప్పుడు మెచ్చుకోలు. "అభ్యంతరం" లోపలి భాగం. "అభ్యంతర మందిరం" అని చదివి, వెళ్లడానికి ఎవరో ఒప్పుకోని మందిరమని అనుకుంటే కథే మారిపోతుంది.

తొలి తెలుగు నవలగా ఎక్కువమంది చెప్పే కందుకూరి వీరేశలింగం రచన 1878 నాటిది. దాని పేరే "రాజశేఖర చరిత్రము". చరిత్ర అనగానే ఇవాళ రాజులు, యుద్ధాలు, తేదీలు గుర్తొస్తాయి. అక్కడ చరిత్రము అంటే ఒక మనిషి నడిచిన తీరు, అతని కథ. మొదటి పేజీ తెరవకముందే, అట్ట మీదే ఇలాంటి మాట ఒకటి ఉంది.

ఇంగ్లిష్ నవలల్లోనూ ఇదే కథ. 1813లో వచ్చిన జేన్ ఆస్టెన్ నవల "ప్రైడ్ అండ్ ప్రెజుడిస్"లో "కండిసెన్షన్" అనేది పొగడ్త. పెద్ద హోదాలో ఉన్నవాళ్లు ఆ హోదా పక్కనపెట్టి కింది వాళ్లతో కలివిడిగా మసలడం. ఇవాళ అదే మాట ఎదుటివాళ్లను చులకన చేయడమైంది. "కాండర్" అప్పట్లో ఎదుటివాళ్లలో మంచినే చూసే గుణం, ఇప్పుడు మొహం మీద నిజం చెప్పడం. ఇప్పటి అర్థాలతో చదివితే పాత్రల స్వభావాలే తారుమారవుతాయి.

ఇలాంటి మాట దగ్గర పట్టు దొరికేది ఒకే ఒక్క ఆనవాలుతో. అర్థం కుదిరినట్టే ఉంటుంది గానీ ఎక్కడో చిన్న ఎగుడుదిగుడు తగులుతుంది. ముసలాయన అవసరం ఏమిటో తర్వాత రెండు పేజీల్లోనూ రచయిత చెప్పడు. పొగడాల్సిన చోట తిట్టు వినిపిస్తుంది. ఆ ఎగుడుదిగుడును మనం సాధారణంగా పాత రచన కదా అని సరిపెట్టుకుని వదిలేస్తాం.

ఏ నిఘంటువు ఏ కాలానిది

ఫోన్లో మాట మీద వేలు పెడితే వచ్చే అర్థం చాలాసార్లు ఇవాళ్టి అర్థం. వేగం వల్ల కథ తెగిపోదు, అది పెద్ద మేలు. పాత నవలకు అది ఒక్కటే చాలదు. బ్రౌన్ తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు 1852లో వచ్చింది. కావ్యాల మాటలతో పాటు జనం నోటి మాటలనూ ఆయన చేర్చుకున్నాడు. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885 నాటిది, దాని బలం కావ్యభాష. తొలి నవలలు పుట్టిన కాలానికి ఈ రెండూ ఇరుగుపొరుగు. "అవసరము" కోసం వీటిని తెరిస్తే సమయం అన్న అర్థం కళ్లబడుతుంది. ఇలాంటి నిఘంటువులు చాలావరకు ఇప్పుడు ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒకేచోట వెతుక్కునే వీలుంది.

ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో వెలువరించిన "మాలపల్లి" లాంటి నవల చేతికొస్తే అవస్థ వేరు. అందులో జనం మాట్లాడే భాష ఉంటుంది, చేసే పనుల మాటలు ఉంటాయి. కావ్యభాష మీద కట్టిన నిఘంటువు అక్కడ చేతులెత్తేస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962 నుంచి వెలువడిన మాండలిక వృత్తి పదకోశం అలాంటి మాటల కోసం పుట్టిందే. మొదటి సంపుటమే వ్యవసాయ పదాలది.

వచ్చిన మాట నోటికి వస్తుందా?

నవలలో నేర్చుకున్న మాటల్లో చాలావాటిని మనం ఎప్పుడూ వాడం. ఆఫీసు మెయిల్లో "మిక్కిలి" అని రాస్తే అవతలివాళ్లకు నాటకంలా ఉంటుంది. "కినుక" మాత్రం ఇవాళ్టి వాక్యంలోనూ ఒదిగిపోతుంది. ఏ మాటకు ఇంకా ప్రాణముందో నిఘంటువు సరిగా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నవాళ్ల వాక్యాల్లో అది మళ్లీ ఎదురైతేనే తెలుస్తుంది.

వాడకపోయినా అవి ఖాళీగా పడి ఉండవు. ఎవరైనా "అవసరానికి ఆదుకున్నాడు" అన్నప్పుడు ఇంతకుముందు నాకు అక్కర ఒక్కటే వినిపించేది. ఇప్పుడు "వేళకు అందివచ్చాడు" అన్న పాత అర్థం కూడా దాని కిందే సన్నగా వినిపిస్తోంది.